చెట్టు నరికితే గుర్రం జరిమానా

పిల్లలూ!

మీ ఊళ్ళో ఎవరో ఒకరు పచ్చటి చెట్టును మొదలంటా నరికేశారనుకోండి. మీరే న్యాయాధికారులైతే ఏం శిక్ష వేస్తారు?

బడిలో పనిచేసే రోజుల్లో ఒకసారి నేనీ ప్రశ్న తరగతిలో అడిగాను. ఒకడు లేచి, "రెండు మొక్కలు నాటించాలి, మాస్టారూ!" అన్నాడు. ఒక అమ్మాయి, "వంద రూపాయలు జరిమానా వెయ్యాలండీ!" అంది. వెనక బల్లమీది గడుగ్గాయి ఒకడు, "ఒక్క చెట్టుకు జరిమానా ఏమిటండీ?" అని కిసుక్కున నవ్వాడు.

ఈ ప్రశ్నకు సుమారు 1,700 ఏళ్ళ కిందటే ఒక రాజ్యంలో జవాబు రాసిపెట్టారు. బతికి ఉన్న చెట్టును వేళ్ళతో సహా నరికితే జరిమానా ఒక గుర్రం. కొమ్మలు మాత్రమే నరికితే ఒక ఆవు. ఆ కాలంలో గుర్రమంటే మాటలు కాదు. ఒక చెట్టుకు ఒక గుర్రమా, ఇదేం చోద్యం అనిపిస్తున్నది గదూ? ఆ చట్టం ఏ దేశానిదో, అంత కఠినంగా ఎందుకు రాశారో తెలియాలంటే మనం ముందు అట్లాసు తియ్యాలి.

ఆసియా పటం తెరవండి. కాశ్మీరు మీద వేలు పెట్టి ఉత్తరంగా పోనివ్వండి. కారకోరం పర్వతాలు, తరవాత కున్‌లున్ పర్వతాలు దాటగానే కోడిగుడ్డు ఆకారంలో ఒక పెద్ద పసుపు మచ్చ కనిపిస్తుంది. అది తక్లమకాన్ ఎడారి. దాని వైశాల్యం 3 లక్షల 30 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. మన ఆంధ్రప్రదేశ్‌ను, తెలంగాణను పక్క పక్కన పరిచినా దాన్ని పూర్తిగా కప్పలేవు. దక్షిణాన కున్‌లున్, ఉత్తరాన తియన్‌షాన్, పడమట పామీరు పర్వతాలు దానికి మూడు వైపులా గోడల్లా నిలబడి ఉన్నాయి.

జూన్‌లో మనకు వానలు తెచ్చే నైరుతి రుతుపవనాలు ఉత్తరంగా పోయి హిమాలయాలకు తగులుకుంటాయి. మేఘాలలోని తేమ అంతా ఇవతలి వైపే కురిసిపోతుంది. అవతలికి చేరేది పొడి గాలి. ఏ సముద్రమూ ఆ ఎడారికి దరిదాపుల్లో లేదు. అందుచేత అక్కడ ఏడాదికంతా కలిపి కురిసే వాన సాధారణంగా 50 మిల్లీమీటర్లు కూడా ఉండదు. మన ఊళ్ళో ఒక్క గట్టి వానకే అంత పడుతుంది!

అటువంటి చోట మనుషులు ఎల్లా బతుకుతారు? నీళ్ళు పైనుంచి కాకుండా పక్కనుంచి వస్తాయి. కున్‌లున్ పర్వతాల నెత్తిమీద మంచు పేరుకుని ఉంటుంది. ఆ మంచు కరిగి నదులై ఎడారిలోకి దిగుతుంది. ఇక్కడ మీకొక చిన్న ప్రశ్న. మన వాగులు వేసవిలో ఎండిపోతాయి. ఆ నదులు మాత్రం వేసవిలోనే పొంగుతాయి. ఎందుచేత? ఎండ ముదిరినకొద్దీ మంచు ఎక్కువ కరుగుతుంది కనక. మన నదులు వాన బిడ్డలైతే, ఆ నదులు ఎండ బిడ్డలు.

అలా దిగివచ్చే నదులలో రెండింటి పేర్లు యురుంగ్‌కాష్, కారాకాష్. ఒకటి తెల్ల పచ్చరాయి నది అనీ, రెండోది నల్ల పచ్చరాయి నది అనీ అర్థం. ఈ రెండు నదుల మధ్య, ఎడారికి దక్షిణపు అంచున ఉన్న పచ్చటి పట్టే ఖోతాన్. ఈ రోజు కథ దానిదీ, దాని తూర్పున ఉన్న ఇరుగు పొరుగులదీ.

ఇసుకలో నీళ్ళను కాపాడుకోవటం ఎంత కష్టమో మీరే చూడవచ్చు. ఒక పళ్ళెంలో పొడి ఇసుక పోసి, ఒక పక్క కాస్త ఎత్తుగా వంచి పెట్టండి. ఎత్తు వైపున చెంబుతో సన్నగా నీళ్ళు పొయ్యండి. కొద్ది దూరం పారి నీళ్ళు ఇసుకలోకి ఇంకిపోతాయి. ఇప్పుడు నిలువునా చీల్చిన ఒక వెదురుబద్దను దోనెలాగా ఇసుకమీద పెట్టి, అన్ని నీళ్ళే మళ్ళీ పొయ్యండి. ఈసారి నీళ్ళు పళ్ళెం చివరిదాకా పోతాయి. ఆ వెదురుబద్దే కాలవ. ఖోతాన్ ప్రజలు నదులకు కాలవలు తవ్వి, కాలవ గట్లమీద చెట్లు పెంచారు. ఆ కాలవ నీటి కిందే గోధుమలు, పండ్లతోటలు, పల్లెలు, చివరకు ఒక రాజ్యం వెలిశాయి.

ఆ నదులు నీళ్ళతో పాటు ఇంకొకటి కూడా తెచ్చేవి. వేసవి వరదకు కొండలలోని పచ్చరాళ్ళు దొర్లుకుంటూ వచ్చేవి. వరద తీసిన తరవాత, శరత్కాలంలో జనం నదిలో దిగి వాటిని ఏరుకునేవారు. చైనావాళ్ళకు ఆ రాయి బంగారం కన్న ఎక్కువ. చైనా నుంచి పడమటి దేశాలకు పట్టు తీసుకుపోయే బిడారులు తక్లమకాన్ నడిబొడ్డున పోలేవు గనక ఉత్తరపు అంచున ఒక దారి, దక్షిణపు అంచున ఒక దారి చేసుకున్నాయి. దక్షిణపు దారిలో ఖోతాన్ పెద్ద మజిలీ. ఒంటెలకు నీళ్ళూ, మనుషులకు తిండీ, వర్తకులకు సంతా అక్కడ దొరికేవి.

ఇన్ని దేశాలవాళ్ళు కలిసే చోట డబ్బు ఎల్లా ఉంటుందో ఊహించండి. సుమారు 1,900 ఏళ్ళ కిందట ఖోతాన్ రాజులు వేయించిన రాగి నాణేలు దొరికాయి. ఒక వైపు నాణెం తూకం చైనా అక్షరాలలో ఉంటుంది. రెండో వైపు ఒక గుర్రమో ఒంటో బొమ్మ, దాని చుట్టూ రాజు బిరుదులు ఖరోష్ఠీ లిపిలో, ప్రాకృత భాషలో ఉంటాయి. ప్రాకృతం మన దేశపు భాష. తూర్పునుంచి వచ్చినవాడూ, దక్షిణంనుంచి వచ్చినవాడూ ఎవరి భాష వాళ్ళు చదువుకోవచ్చు! ఇంచుమించు అదే కాలంలో మన శాతవాహన రాజులు కూడా వెండి నాణేల మీద ఒక వైపు ప్రాకృతం, రెండో వైపు దక్షిణాది భాష వేయించారు. ఒకరినొకరు ఎరగని ఇద్దరు రాజులకు ఒకే ఉపాయం తట్టిందన్నమాట.

ఖోతాన్ ప్రజల సొంత భాష ఇరాన్ భాషల కుటుంబంలోనిది. దాన్ని వాళ్ళు బ్రాహ్మీ లిపిలో రాసుకున్నారు. మనం ఈ పేజీలో చదువుతున్న తెలుగు అక్షరాలు కూడా బ్రాహ్మీ లిపి నుంచి పుట్టినవే. అంటే ఎక్కడో ఎడారి అంచున ఉన్న ఆ అక్షరాలకూ మన అ, ఆలకూ చుట్టరికం ఉన్నది.

ఆ లిపి అక్కడికి బౌద్ధంతో పాటు వెళ్ళింది. ఖోతాన్ పెద్ద బౌద్ధ క్షేత్రమైంది. 260లో జూ షిసింగ్ అనే చైనా భిక్షువు ఒక గ్రంథం కోసం కాలినడకన ఎడారి దాటి ఖోతాన్ చేరాడు. ఆయనకు ఆ గ్రంథం అక్కడ దొరికింది. కాపీ రాసి, 282లో శిష్యుడి చేత చైనాకు పంపాడు. ఆయన మాత్రం తిరిగి వెళ్ళలేదు. ఎనభై ఏళ్ళు వచ్చాక అక్కడే కన్నుమూశాడు. ఒక్క పుస్తకం కోసం అంత దూరం నడిచినవాడున్నాడని, పుస్తకం అట్ట చింపుకునే మా కుర్రవాళ్ళకు నేను చెబుతూ ఉండేవాణ్ణి.

399లో చైనా నుంచి బయలుదేరిన ఫాహియాన్ పేరు మీరు పాఠంలో చదివే ఉంటారు. ఎడారిలో ఒక నెలా అయిదు రోజులు నడిచి ఆయన ఖోతాన్ చేరాడు. దారిలో పడిన పాట్లు ఏ మనిషీ పడి ఉండడని రాసుకున్నాడు. ఖోతాన్ చూసేసరికి ఆయన ప్రాణం లేచి వచ్చింది. ప్రతి ఇంటి ముందూ ఒక చిన్న స్తూపం. గోమతి అనే విహారంలో మూడు వేలమంది భిక్షువులు. గంట కొట్టగానే అంతమందీ వరసగా వచ్చి కూచునేవారట. ఒక్క మాట లేదు. గిన్నెల చప్పుడు కూడా లేదు. ఇంకాస్త వడ్డించాలంటే కేక వెయ్యరు, చేత్తో సైగ చేస్తారు. మీ బడిలో మధ్యాహ్న భోజనం దగ్గర ఒక్కరోజు ఇల్లా ఉండగలరేమో ప్రయత్నించండి!

అక్కడ జరిగే విగ్రహాల ఊరేగింపు చూడటానికి ఫాహియాన్ మూడు నెలలు ఆగాడు. ఆ పండుగ నాలుగో నెల మొదటి తేదీన మొదలై పద్నాలుగో తేదీదాకా జరిగేది. వీధులు ఊడ్చి, నీళ్ళు చల్లి, సందులన్నీ అలంకరించేవారు. ముప్పై మూరల పైన ఎత్తున్న నాలుగు చక్రాల రథంలో బుద్ధ విగ్రహం ఊరి బయటినుంచి బయలుదేరేది. రథం కోట వాకిలికి వంద అంగల దూరంలోకి రాగానే రాజు కిరీటం తీసేసి, కొత్త బట్టలు కట్టుకుని, చెప్పులు లేకుండా, పూలూ అగరూ చేతబట్టి ఎదురువెళ్ళి సాగిలపడేవాడు. వాకిలి మీద నుంచి రాణీ, అంతఃపురం ఆడవాళ్ళూ పూలు కురిపించేవారు. మన ఊళ్ళలో రథోత్సవం చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర లేదు.

ఇక పట్టు సంగతి. చైనానుంచి పట్టుబట్ట బయటికి వెళ్ళేది గాని, దాన్ని తయారుచేసే రహస్యం వెళ్ళేది కాదు. అది ఖోతాన్‌కు ఎల్లా చేరిందో హ్యూన్‌త్సాంగ్ ఒక కథ రాశాడు. ఈయన మన అమరావతి దగ్గరి ధాన్యకటకం చూసిన యాత్రికుడే. తిరుగు ప్రయాణంలో 644లో ఖోతాన్‌లో ఆగాడు.

ఖోతాన్ రాజు తూర్పు దేశపు రాజును పట్టుపురుగుల గుడ్లు, మల్బరీ గింజలు పంపమని అడిగాడట. ఆ రాజు ఇవ్వకపోగా, సరిహద్దులో కాపలా పెంచాడు. అప్పుడు ఖోతాన్ రాజు ఆయన కూతుర్ని ఇమ్మని అడిగాడు. పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతుర్ని తీసుకురావటానికి వెళ్ళిన దూత, "అమ్మా! మా దేశంలో పట్టు లేదు. తమకు పట్టుబట్టలు కావాలంటే విత్తనాలు తామే తెచ్చుకోవాలి" అని చెవిన వేశాడు. రాకుమారి గింజలనూ, గుడ్లనూ తలపాగాలో దాచుకుంది. సరిహద్దులో భటులు మూటా ముల్లే అంతా గాలించారు గాని రాకుమారి తలమీద చెయ్యి వెయ్యటానికి జంకారు. అల్లా పట్టు ఖోతాన్ చేరింది.

ఇది కథే. అయితే ఈ కథకు ఒక బొమ్మ ఉంది. ఆరెల్ స్టీన్ అనే పురాతత్త్వవేత్త 1900 డిసెంబరులో ఖోతాన్‌కు ఈశాన్యంగా దందాన్ ఊలిక్ అనే చోట ఇసుకలో పూడిపోయిన పాడు ఊరు తవ్వాడు. అక్కడ ఒక చెక్క పలక దొరికింది. దానిమీద తలపాగా పెట్టుకున్న ఒక రాణి, ఆమె ముందు పట్టుగూళ్ళ బుట్ట. పక్కనున్న పరిచారిక ఎడమ చెయ్యి ఎత్తి సూటిగా ఆ తలపాగా వైపే చూపిస్తున్నది! ఇప్పుడా పలక లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది.

హ్యూన్‌త్సాంగ్ రాసినదానిలో నాకు మరీ నచ్చిన మాట ఇంకొకటి ఉంది. పట్టుపురుగును చంపకూడదని ఆ రాణి రాతిమీద శాసనం చెక్కించిందట. మామూలుగా పట్టుగూళ్ళను లోపలి పురుగుతో సహా వేడినీళ్ళలో వేస్తారు. అప్పుడే సుమారు కిలోమీటరు పొడుగున్న దారం తెగకుండా వస్తుంది. చిలక గూడు చీల్చుకుని ఎగిరిపోతే దారం ముక్కలవుతుంది. దాన్ని పత్తిలాగా వడకాలి. పని ఎక్కువ, మెరుపు తక్కువ. అయినా చిలక ఎగిరిపోయాకనే గూడు ముట్టాలని ఖోతాన్‌లో నియమం. మన దగ్గర కూడా ఇల్లా తీసే పట్టును అహింసా పట్టు అంటున్నారు.

సరే, మన గుర్రం జరిమానా ఎక్కడ? అక్కడికే వస్తున్నాను.

1901 జనవరిలో స్టీన్ ఖోతాన్‌కు తూర్పుగా, నియా అనే నది ఎడారిలో ఇంకిపోయే చోటికి బయలుదేరాడు. దారిలో ఒక పల్లెటూరివాడి దగ్గర రెండు చెక్క పలకలు కనిపించాయి. వాటిమీద అక్షరాలున్నాయి. అవి దారిలో దొరికాయని తెలిసి ఆరా తీస్తే, వాటిని పారేసింది ఆ ఊరి మిల్లు మనిషి ఒకడు. నిధి దొరుకుతుందని పాడు ఇళ్ళలో తవ్వితే అతనికి పలకలు దొరికాయట. విలువలేనివనుకుని కొన్ని దారిలో పారేశాడు. మిగతావి ఇంటికి తెచ్చి పిల్లలకు ఆడుకోవటానికి ఇచ్చాడు. పిల్లలు వాటిని ముక్కలు చేసేశారు!

స్టీన్ అక్కడికి వెళ్ళి తవ్వితే అవి కుప్పలుగా బయటపడ్డాయి. ఆ ఊరు క్రోరైనా అనే రాజ్యంలోనిది. ఖోతాన్ పక్కనే ఉన్న మరో ఒయాసిస్సు రాజ్యమది. ఆ పలకలన్నీ ఖరోష్ఠీ లిపిలో, ప్రాకృత భాషలో, క్రీస్తు శకం మూడు నాలుగు శతాబ్దాలలో రాసినవి. వాటిలో ఉత్తరాల తయారీ చూడండి. ఒకే ఆకారంలో రెండు చెక్కలు. కింది చెక్కమీద సంగతి రాసి, పై చెక్కను మూతలాగా పెట్టి, తాడుతో బిగించి, తాడుమీద మట్టి అద్ది ముద్ర వేసేవారు. పైన చిరునామా. ముద్ర పగలగొట్టకుండా లోపలిది చదవటం కుదరదు. అప్పట్లో వాళ్ళకు అదే కవరు! కొన్ని ముద్రలమీద గ్రీకు దేవత బొమ్మ కూడా ఉంది.

చెక్క ఇన్ని వందల ఏళ్ళు ఎల్లా నిలిచిందని అడగరేం? మీ అమ్మమ్మ వడియాలను ఎర్రటి ఎండలో పెట్టి డబ్బాలో పోస్తుంది. ఏడాదైనా బూజు పట్టవు. తేమ తగిలితే నాలుగు రోజులు ఆగవు. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకూ, చెదలకూ తేమ కావాలి. మన తాటాకు గ్రంథాలు చెమ్మకూ, పురుగుకూ నాశనమయ్యాయి. ఎడారి ఇసుక మాత్రం పొడిగా కప్పి ఉంచి, చెక్కనూ, తోలునూ, బట్టనూ కాపాడింది. ఊరిని చంపిన ఇసుకే దాని ఉత్తరాలను బతికించింది.

ఈ పలకలలో ఏడువందలకు పైగా అచ్చయినాయి. 1940లో వాటిని ఇంగ్లీషులోకి అనువదించినవాడు టి. బర్రో అనే పండితుడు. తరవాత 1961లో ఎమెనోతో కలిసి మన తెలుగు మాటలు కూడా ఉన్న ద్రావిడ భాషల నిఘంటువు తయారుచేసింది ఈయనే. ఆ పలకలలో యుద్ధాల గొప్పలు తక్కువ. ఎవరి ఒంటె పోయింది, ఎవరు పన్ను బాకీ, ఎవరి పొలానికి నీళ్ళు రాలేదు, ఇటువంటివే ఎక్కువ. వాటిలోనే ఒక పలకమీద ఉంది మన చట్టం. చెట్టును వేళ్ళతో నరికితే గుర్రం, కొమ్మలు నరికితే ఆవు.

ఇప్పుడు మీరే చెప్పండి, అంత జరిమానా ఎందుకు? ఎడారి అంచున చెట్టంటే నీడ మాత్రమే కాదు. గాలికి లేచే ఇసుకను అడ్డే గోడ అది. కాలవ గట్టును వేళ్ళతో పట్టి ఉంచే కొక్కెం అది. ఒక చెట్టు పోతే ఆ సందులోనుంచి ఇసుక కాలవలోకి వస్తుంది. కాలవ పూడితే పొలం పోతుంది. పొలం పోతే ఊరు కదులుతుంది. ఒక్క చెట్టే గదా అని ఆ ఊళ్ళో ఎవరూ నవ్వేవారు కాదు.

ఈ సంగతులన్నీ నిజమని ఎల్లా నమ్మాలి అని మీలో ఎవరైనా అడిగితే నేను సంతోషిస్తాను. అడిగి తీరాలి. ఎందుకంటే ఖోతాన్‌లోనే ఒక గొప్ప మోసం జరిగింది. 1895 ప్రాంతంనుంచి ఇస్లాం ఆఖూన్ అనే అతను ఎవరికీ తెలియని లిపిలో ఉన్న "ప్రాచీన గ్రంథాలు" తెచ్చి దొరలకు అమ్మసాగాడు. హెర్న్‌లే అనే పండితుడు ఆ లిపి ఛేదించటానికి ఏళ్ళ తరబడి కష్టపడ్డాడు. స్టీన్ స్వయంగా ఎడారిలో తవ్వితే వందలకొద్దీ అసలు పత్రాలు దొరికాయి గాని, ఆ వింత లిపి ఒక్కదానిమీద కూడా లేదు. 1901లో ఆయన ఆఖూన్‌ను పిలిపించి నిదానంగా ప్రశ్నించాడు. చివరకు గుట్టు రట్టయింది. కాగితానికి చెట్టు బంక రంగు వేసి, నోటికి వచ్చిన గీతలు గీసి, పొగలో వేలాడదీసి, మీద ఇసుక చల్లి పాతవిగా చేసేవాడట! పండితుడి తెలివి కన్న, ఇసుకలో చెయ్యి పెట్టి చూసినవాడి ఓర్పు పనికివచ్చింది. పాతగా కనిపించినంత మాత్రాన ఏదీ పాతది కాదు. ఈ మాట ఈనాడు మన ఫోన్లలోకి వచ్చే ప్రతి బొమ్మకూ, ప్రతి వార్తకూ వర్తిస్తుంది.

ఇంత జాగ్రత్తగా చట్టం రాసుకున్న ఆ ఊరు ఏమైంది? జనం వదిలేసి వెళ్ళిపోయారు. స్టీన్ చూసినప్పుడు అక్కడ ఎండిపోయిన మల్బరీ, పండ్ల చెట్ల మోళ్ళు ఇంకా వరసలు తప్పకుండా నిలబడి ఉన్నాయి. చుక్క నీరు లేని నదిమీద కాలివంతెన ఒకటి మిగిలి ఉంది. దందాన్ ఊలిక్ కూడా ఎనిమిదో శతాబ్దం చివరికి పాడుపడింది. అటువంటి ఊళ్ళు ఎడారి లోపలికి, కాలవ చిట్టచివర ఉన్నవి. కొండలనుంచి వచ్చే నీరు తగ్గినా, అల్లర్లవల్ల కాలవలు బాగుచేసే దిక్కు లేకపోయినా మొదట ఎండేది చివరి ఊరే. మన కాలవల కింద కూడా చివరి భూముల రైతుకే గదా ముందుగా నీటి ఎద్దడి! చెట్టు ఒక్కటే ఊరిని కాపాడలేదు. చెట్టుకు నీరు కావాలి, నీటికి కాలవ కావాలి, కాలవకు ఏటేటా పూడిక తీసే మనుషులు కావాలి.

ఖోతాన్ మాత్రం పోలేదు. 1006 ప్రాంతంలో కాష్‌గర్ రాజులు దాన్ని జయించారు. బౌద్ధ రాజ్యం ముగిసి, ప్రజలు క్రమంగా ఇస్లాం స్వీకరించారు. గోమతి విహారం గంటలు ఆగిపోయాయి. కాని రెండు నదులూ పారుతూనే ఉన్నాయి. ఊరు కొండకు దగ్గరగా, నీటి తలాపున ఉన్నది. అందుచేత ఈ రోజుకీ అది చైనాలోని షిన్‌జియాంగ్‌లో, ఉయ్‌గుర్ ప్రజలుండే పెద్ద నగరం. అక్కడ పట్టు ఇంకా నేస్తున్నారు. పచ్చరాళ్ళు ఇంకా ఏరుతున్నారు.

ఇసుకతో పోరాటం కూడా ఇంకా సాగుతున్నది. 2022 జూన్‌లో ఖోతాన్ నుంచి తూర్పుకు రైలుమార్గం తెరిచారు. ఇసుక కొట్టుకురాకుండా దాని పక్కన రెల్లుతో గళ్ళు గళ్ళుగా దడులు కట్టి, వాటిలో మొక్కలు పెంచారు. 2024 నవంబరులో తక్లమకాన్ చుట్టూ 3,046 కిలోమీటర్ల పచ్చటి వలయం పూర్తయినట్టు చైనా ప్రకటించింది. చివరి ముక్క కలిసింది ఖోతాన్‌కు తూర్పున ఉన్న యూతియన్ దగ్గరే. 1,700 ఏళ్ళ కిందట చెక్కపలక మీద రాసినదాన్నే ఇప్పుడు యంత్రాలతో చేస్తున్నారు. అయితే ఆ మొక్కలకూ నీరు ఆ కొండల మంచునుంచే రావాలి. భూమి వేడెక్కి ఆ మంచు తరిగిపోతున్న కొద్దీ పాత లెక్కే మళ్ళీ ముందుకు వస్తుంది. ఎన్ని చెట్లు నాటామన్నది సగం లెక్క. వాటికి ఎన్నాళ్ళు నీరివ్వగలమన్నది మిగతా సగం.

మన తెలుగు నేలలో కూడా ఇటువంటి చట్టం ఒకటి ఉన్నది. 2002లో వచ్చింది. దాన్ని వాల్టా అంటారు. నీరు, భూమి, చెట్టు అనే మూడు మాటలూ దాని పేరులోనే ఉన్నాయి. ఆ మూడింటినీ విడదీయకుండా కలిపి ఉంచటం ఎంత సరైనదో, ఖోతాన్ కథ విన్న మీకు వేరే చెప్పనక్కర లేదు.

ఇక ఈ నెల మీ పని. అమ్మనో, నాన్ననో వెంటబెట్టుకుని మీ ఊరి చెరువుకో, కాలవకో వెళ్ళండి. దాని నీరు ఎక్కడినుంచి వస్తుందో, చిట్టచివర ఏ పొలానికి పోతుందో అడిగి తెలుసుకోండి. గట్టుమీద ఎన్ని చెట్లున్నాయో లెక్కపెట్టి, తేదీ వేసి పుస్తకంలో రాసుకోండి. వచ్చే ఏడు అదే నెలలో మళ్ళీ వెళ్ళి లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గితే, ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అని పెద్దలను అడగండి. ఒక్క చెట్టుకు అంత రభస ఏమిటని ఎవరైనా నవ్వితే, వాళ్ళకు గుర్రం జరిమానా కథ చెప్పండి.